పక్కింటి చాందినీ

రోగం గురించి రాయొద్దని మా అమ్మ. రోగమే రాయమని డాక్టరు. ఇద్దరి మధ్యా మంచం పట్టిన నేను. అప్పటికి నాకు ఇరవై దాటాయి. చదువు మధ్యలో ఉండగా ఊపిరితిత్తులకు క్షయ పట్టింది. యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ జబ్బును నయం చేసే సూది మందు ఇంకా రాలేదు. జబ్బు పట్టినవాళ్ళలో చాలామంది పోయేవాళ్ళు. పోనివాళ్ళు ఎందుకు పోలేదో డాక్టర్లకు కూడా సరిగ్గా తెలిసేది కాదు. నేను ఎందుకు పోలేదో నాకు కొంత తెలుసు. అది చెప్పకుండా ఊరుకుంటే కృతఘ్నుణ్ణవుతాను.

మా ఇల్లు ఛత్రినాకకు పోయే దారిలో ఒక ఇరుకు గల్లీలో ఉండేది. కింద రెండు చీకటి గదులు, పైన మిద్దె. నాన్న కచేరీలో గుమాస్తా. మలక్‌పేట నుంచి టాంగాలో వచ్చిన డాక్టరు నా వీపు మీద వేళ్ళతో తట్టి, గొట్టం పెట్టి విని, చేతులు కడుక్కుంటూ నాన్నతో చెప్పాడు.

"దీనికి దవా లేదు. ఉన్నది గాలి ఒక్కటే. గీ అర్రల పండవెడితె వానకాలం దాటడు. మిద్దె మీద మంచమెయ్యండి. నెత్తి మీద ఇంత రేకు కప్పు ఉంటె చాలు, నాలుగు దిక్కుల ఖుల్లా ఉండాలె."

తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు రోజూ రాయాలె. పొద్దుగాల జరమెంత, మాపటికెంత, ఏం తిన్నవ్, ఎట్ల పండుకున్నవ్. అబద్ధం రాస్తె లుక్సాన్ నాకు కాదు, నీకే."

ఆయన టాంగా ఎక్కాడో లేదో అమ్మ అడ్డం తిరిగింది. "రాసింది నిలుస్తది బిడ్డా. లగ్గం రాస్తరు, భూమి రాస్తరు, ఎందుకు? నిలువాలనే గద. జరం రాస్తె జరం గూడ గట్లనే ఇంట్ల కూసుంటది."

నాకు చదువుకున్నవాడినన్న పొగరు, జబ్బుతో వచ్చిన చిరాకు, రెండూ ఉన్నాయి. అమ్మ మీద విసుక్కున్నాను. ఆమె ఏడ్చింది. నేను దగ్గాను. ఇంట్లో ఎవరి ఆయుధం వాళ్ళది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. జ్వరం ఎంతో ఒక ముక్క రాస్తే, దాని పక్కనే ఆ రోజు జరిగిన మంచి ఒకటి రాయాలి. "మరి మంచి గూడ నిలువాలె గద" అంది అమ్మ. మంచానికి అతుక్కుపోయినవాడికి మంచేం జరుగుతుందే అంటే వినలేదు. మొదటి రోజు కసికొద్దీ "ఈ రోజు కాకి నా మీద రెట్ట వేయలేదు" అని రాసి చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. "అవ్, మంచిదే కద" అని కిందికి దిగిపోయింది.

ఇక మిద్దె సంగతి. మా మిద్దె మీది నుంచి చూస్తే పక్కింటివాళ్ళ ఆంగన్, అంటే నాలుగు గదుల మధ్య ఉండే ఆరుబయలు, అరచేతిలో పెట్టినట్టు కనబడేది. అది పాత ముస్లిం కుటుంబం. మగవాళ్ళు చార్మినార్ దగ్గర అత్తరు, సుర్మా అమ్మేవారు. ఆడవాళ్ళది గోషా. పరాయి మగవాడి కంట పడకూడదు. బయటికి పోతే బురఖా, టాంగాకు పరదా. వాళ్ళు తల మీద కొంగు లేకుండా, మొహాన ఎండా గాలీ తగిలేలా తిరిగే చోటు ఆ ఆంగన్ ఒక్కటే.

అందుకని మా గల్లీలో హిందువులకూ ముస్లింలకూ ఒకటే పద్ధతి ఉండేది. మగవాడు మిద్దె ఎక్కాలంటే మెట్ల మీదే ఆగి గట్టిగా ఒకసారి దగ్గాలి. పతంగి తీయడానికి ఎక్కినా, మిరపకాయలు ఎత్తడానికి ఎక్కినా అంతే. దగ్గి, కాసేపు ఆగి, అప్పుడు ఎక్కాలి. ఆ దగ్గు వినగానే చుట్టుపక్కల ఆడవాళ్ళు లోపలికి తప్పుకునేవాళ్ళు. దగ్గకుండా ఎక్కినవాడిని బుద్ధి లేనివాడని తిట్టేవాళ్ళు. నాకు పతంగి ఎగరేయడం రాకముందే ఈ దగ్గు నేర్పారు.

ఇప్పుడు ఆలోచించండి. నేను మిద్దె మీద మంచంలో పడుకుని పొద్దుటి నుంచి మాపటిదాకా దగ్గుతూ ఉన్నాను.

పక్కింటివాళ్ళకు నా జబ్బు సంగతి తెలియదు. క్షయ అని తెలిస్తే ఆ రోజుల్లో బావి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అమ్మ ఎవరికీ చెప్పనివ్వలేదు. నేను ఇంట్లో కూర్చుని పరీక్షలకు చదువుకుంటున్నానని గల్లీలో చెప్పుకున్నాం. నేను దగ్గేవాణ్ణి. కింద గిన్నె ఒకటి టపీమని పడేది. గాజులు, పరుగులు, "ఆయా, ఆయా" అంటే వచ్చాడు వచ్చాడన్న గుసగుస, తలుపు మూసిన చప్పుడు. కాసేపటికి తలుపు తెరుచుకునేది. మళ్ళీ ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చునేవాళ్ళు. నేను మళ్ళీ దగ్గేవాణ్ణి. సిగ్గుతో తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. దానివల్ల ఊపిరాడక మరింత పెద్ద దగ్గు వచ్చేది, మరిన్ని గిన్నెలు పడేవి.

రెండిళ్ళ మధ్య గోడలో ఆడవాళ్ళు మాట్లాడుకోవడానికి ఒక చిన్న తలుపు ఉండేది. ఖిడ్కీ అనేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ ఖిడ్కీ దగ్గరికి ఆ ఇంటి పెద్దావిడ అమ్మను పిలిపించింది. ఆమెను గల్లీ అంతా బడీమా అనేది. ఆమె అన్న మాటలు అమ్మ నాకు వచ్చి పొల్లు పోకుండా చెప్పింది.

"నీ కొడుకు మస్తు తమీజ్ ఉన్నోడు బిడ్డా. దగ్గకుంట మిద్దె ఎక్కడు. కని గిన్నిసార్లు ఎందుకెక్కుతడు? మా కోడండ్లు పొయ్యి మీద గిన్నె పెట్టి లోపలికి ఉరుకుడు, బయటికి ఉరుకుడు. నిన్న ఖీమా మాడింది. ఎక్కేదేందో ఒక్కపారి ఎక్కి ఆడ్నే ఉండమను."

అమ్మకు ముందు నవ్వొచ్చిందట. నవ్వు ముగియకుండానే ఏడుపు వచ్చింది. దాచలేకపోయింది. "వాడు ఎక్కుతలేడు బడీమా, దిగుతలేడు. ఆడ్నే ఉన్నడు. అది మిద్దె ఎక్కే దగ్గు కాదు" అని అంతా చెప్పేసింది. ఖిడ్కీ మూసుకుంది.

ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. నన్ను దింపెయ్యమంటారేమోనని భయం. అడిగితే కాదనే మొహం మాకు లేదు. వాళ్ళ ఆడవాళ్ళకు ఉన్నదే ఆ కాస్త చోటు. నాన్న ఆ వైపు వెదురు తట్టీ కట్టిస్తానన్నాడు. కానీ మాకు గాలి వచ్చేదే ఆ వైపు నుంచి. మిగతా మూడు వైపులా మాకన్నా ఎత్తు గోడలు. తట్టీ కడితే మిద్దె కూడా కింది గదిలాంటిదే. వానకాలం దాటడన్న మాట ముగ్గురికీ గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే పక్కింట్లో నిచ్చెనలు ఈడుస్తున్న చప్పుడు, మేకులు కొడుతున్న చప్పుడు. మెల్లగా మోచేతి మీద లేచి చూశాను. ఆ ఇంటి మగవాళ్ళు పెళ్ళిళ్ళకు కట్టే తెల్లటి చాందినీని ఆంగన్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు లాగి కడుతున్నారు. చూస్తుండగానే ఉల్లిపొట్టు, నీళ్ళ కుండలు, జామచెట్టు, అన్నీ ఆ గుడ్డ కిందికి పోయాయి. ఖిడ్కీ తెరుచుకుంది. ఈసారి బడీమా గొంతు మిద్దె మీదికే వినబడింది.

"మేము కింద కప్పుకున్నం. మీరు పైన ఏం కట్టకండి. తట్టీ కడితె గాలి ఆగుతది. దిక్ బీమారీకి గాలే దవా అని నాకెరుకే. నా చిన్న బిడ్డ గదే బీమారీతోని పోయింది. అప్పుడు మాకెవ్వరు చెప్పలే. తలుపులన్ని మూసి పండవెట్టినం."

ఆ రోజు పుస్తకంలో జ్వరం రాయడం మరిచిపోయాను. చాందినీ గురించి ఒక పేజీ నిండా రాశాను. యుద్ధంతో కాగితం దొరకని రోజులు. నాన్న కోప్పడతాడేమో అనుకున్నాను, కోప్పడలేదు.

అప్పటి నుంచి నాకు చూడడానికి ఏమీ లేదు. తెల్ల గుడ్డ, దాని మీద నడిచే పావురాలు, రాలిన జామాకులు. వినడానికి మాత్రం ఒక ఇల్లు ఇల్లంతా ఉంది. మొహాలు తెలియని మనుషులు నాకు దగ్గరవాళ్ళయిపోయారు. పెద్దకోడలు గబగబా మాట్లాడి మధ్యలో ఆగి ముక్కు చీదేది. చిన్నకోడలు పని చేస్తూ సన్నగా కూనిరాగం తీసేది. బడీమా అడకత్తెర చప్పుడును బట్టి ఆమె కోపం తెలిసేది. అమ్మ పెట్టిన షరతు కోసం ఇక కాకులను వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. "జ్వరం నూట ఒకటి. కింద ఎవరో అల్లం దంచారు. వాసనకు ఆకలి వేసింది" అని రాశాను ఒక రోజు.

డాక్టరు వచ్చినప్పుడు అది చదివి కనుబొమలెత్తాడు. "ఇదేంది భాయ్, నీ జరం రాయమంటె పక్కింటి అల్లం రాసినవ్?"

ఆయన ఇంకోసారి చదివాడు. "ఆకలైందా? నిజంగనే? మంచిది. రాయి, గిట్లనే రాయి" అని తన పెన్సిలుతో ఆ మాట కింద గీత గీశాడు.

వానకాలం వచ్చింది. చాందినీ నడుమ నీళ్ళు నిండి బొజ్జలా వేలాడేది. ఒకసారి కోడళ్ళిద్దరూ కర్రతో ఒక వైపు ఎత్తబోతే నీళ్ళన్నీ ఇంకో వైపున కూర్చున్న బడీమా మీదే పడ్డాయి. అరగంటసేపు ఆ ఇంట్లో తిట్లు, నవ్వులు. నవ్వితే దగ్గొస్తుందని తెలిసీ మంచం ఊగేలా నవ్వాను. పైనుంచి నా దగ్గు విని బడీమా కేకేసింది.

"నవ్వుతున్నవా? నవ్వు, నవ్వు! కిందికి రా, నీ సంగతి చూస్త."

డాక్టరు గుడ్డు తినమన్నాడు. మా ఇంట్లో గుడ్డు గడప దాటిన చరిత్ర లేదు. గోడలకు చెవులుంటాయంటారు, గుడ్డకు కూడా ఉంటాయని అప్పుడు తెలిసింది. మర్నాటి నుంచి పొద్దున్నే ఖిడ్కీలో ఒక పింగాణీ గిన్నె, దాని మీద మూత, లోపల ఒలిచిన ఉడికిన గుడ్డు. అమ్మ మొహం పక్కకు తిప్పుకుని, తాంబాళం అంచున పెట్టుకుని పైకి తెచ్చేది. నేను తినేంతసేపు గోడ వైపు తిరిగి నిలబడి, తర్వాత పోయి స్నానం చేసేది. కానీ ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు కదా. అందులో ఒకరోజు చింతచిగురు పప్పు, ఒకరోజు సకినాలు, ఏమీ లేనినాడు ఇంత బెల్లం ముక్క పెట్టేది. గుడ్డును అసహ్యించుకుంటూనే అది రావడం కాస్త ఆలస్యమైతే ఖిడ్కీ దగ్గరే తచ్చాడేది.

రంజాన్ నెలాఖరున నాకు దగ్గుతో పాటు రక్తం పడింది. మంచం మీద నుంచి కదపొద్దన్నాడు డాక్టరు. పండుగ చంద్రుడు కనబడవలసిన సాయంత్రం కింద ఆంగన్‌లో అందరూ గుమిగూడిన అలికిడి. ప్రతి ఏడూ వాళ్ళ ఆడవాళ్ళు తమ మిద్దె ఎక్కి చంద్రుణ్ణి చూసేవారు. వాళ్ళ మిద్దె మా మిద్దెకు ఆనుకునే ఉంది. ఈసారి పైన నేను ఉన్నాను. దిగలేను.

"బేటా" అని పిలిచింది బడీమా. "చాంద్ కనవడ్డదా?"

ఆంగన్ మీదుగా పడమటి దిక్కున మబ్బులు. కళ్ళు నొప్పి పుట్టేదాకా చూశాను. మసీదు మినారు పక్కన మబ్బు విడిపోయి, గోరు ముక్కంత సన్నగా కనబడ్డాడు. గట్టిగా అరవకూడదని డాక్టరు ఆజ్ఞ. అయినా అరిచాను.

"కనవడ్డది బడీమా! దిఖా!"

కింద ఒక్కసారిగా కలకలం. ఒకరికొకరు సలాములు చెప్పుకున్నారు. తర్వాత ఎన్నడూ నాతో మాట్లాడని గొంతులు, కోడళ్ళవి, ఆడపిల్లలవి, గుడ్డ కింద నుంచి "చాంద్ ముబారక్ భాయ్" అన్నాయి. వాళ్ళకు నా వల్ల ఏం పోయిందో ఆ పూట మొదటిసారి ఒళ్ళు తెలిసి ఆలోచించాను. వేసవిలో ఆ గుడ్డ కింద ఉక్క. రాబోయే చలికాలం ఎండపొడ ఉండదు. వడియాలు, బట్టలు ఆరబెట్టుకునే చోటు లేదు. వాళ్ళలో ఒక్కరైనా సణిగినట్టు నేను వినలేదు. నా చెవులు ఎంత పాము చెవులో నాకు తెలుసు, సణిగితే వినేవాణ్ణి.

మరుసటి ఏడు బడీమా మనవరాలికి పెళ్ళి కుదిరింది. ఆంగన్‌లోనే చేయాలని సంబరం. నెల ముందు నుంచే కింద పసుపు దంచడం, పెళ్ళి బట్టలకు జరీ గోటు కుట్టడం. నాకు జ్వరం తగ్గుతూ పెరుగుతూ ఉంది. ఒకరోజు పెళ్ళికొడుకు తరఫు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ మాటల మధ్యలో నేను దగ్గాను. పైన ఎవరని కింద ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు. వచ్చినవాళ్ళలో ఒకావిడ గొంతు పెంచింది. క్షయరోగి నెత్తి మీద ఉండగా పిల్లలూ పెద్దలూ కూర్చుని ఎలా తింటారు, ఆ నాలుగు రోజులూ వాణ్ణి కిందికైనా దింపండి, ఎక్కడికైనా పంపండి, అని.

ఆమెది తప్పని నేను అనను. భయం ఎవరికైనా భయమే. కానీ అప్పటికి నాలో మిగిలింది కొంచెమే. ఆ గదిలోకి దిగితే మళ్ళీ ఎక్కుతానన్న నమ్మకం నాకు లేదు. దగ్గు వస్తే రెండు చేతులతో నోరు మూసుకుని, బడీమా ఏమంటుందా అని పడుకుని ఉన్నాను. అడకత్తెర చప్పుడు ఆగింది.

"షాదీ యాడనైన అయితది" అంది బడీమా. "వాని గాలి గీడ్నే ఉంది."

అంతే అంది. పెళ్ళి బడీమా బంధువుల ఇంట్లో, నది అవతల జరిగింది. ఆ పిల్ల తను పుట్టి పెరిగిన ఆంగన్‌లోంచి కాకుండా వేరే ఇంటి నుంచి అత్తవారింటికి పోయింది. పెళ్ళినాడు పక్కింట్లో ఎవరూ లేరు. చాందినీ మీద పావురాలు కూడా నిమ్మళంగా తిరిగాయి. సాయంత్రం అమ్మ పాలగ్లాసుతో వచ్చి, ఈరోజు మంచిదేం రాసినవ్ అని అడిగింది. పుస్తకం తిప్పి చూపించాను. "జ్వరం వంద. ఈ రోజు పక్కింటి పిల్ల పెళ్ళి." అమ్మ నా పక్కన మంచం పట్టె మీద కూర్చుంది.

ఆ తర్వాతి చలికాలంలో ఎందుకో, ఎలాగో, జ్వరం రావడం మానేసింది. బరువు పెరిగాను. డాక్టరు విన్నచోటే మళ్ళీ మళ్ళీ విని, "ఇగ దిగు. మెల్లగ నడువు" అన్నాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం దాచుకోవాలని కూడా చూడలేదు. దిగాను. మెట్ల మీద అమ్మ భుజం పట్టుకున్నాను. ఇంకా నమ్మకం చాలక మిద్దె మీద మంచం తీయలేదు. పక్కింటివాళ్ళు చాందినీ తీయలేదు.

అమ్మ ఖిడ్కీ దగ్గర పుస్తకం సంగతి చెప్పినట్టుంది, వారం తిరక్కుండానే అటు నుంచి కబురు. "మా ఇంటి ముచ్చట్లన్ని రాసిండంట గద. తెచ్చి చదువుమను. మేం గూడ వింటం."

గోషా ఇంటి సంగతులు ఒక పరాయి మగవాడు రాసుకున్నాడంటే ఏమనుకుంటారో. పేర్లు ఎక్కడా రాయలేదు, నాకు తెలిసినవే రెండు మూడు. అయినా భయమే. అమ్మను వెంటబెట్టుకుని మొదటిసారి వాళ్ళ గడప తొక్కాను. తలుపు లోపల మందపాటి పరదా. పరదాకు ఇవతల నాకు కుర్చీ, అవతల వాళ్ళంతా. తెలుగులో రాసుకున్నదాన్ని అప్పటికప్పుడు వాళ్ళ మాటలోకి మార్చుకుంటూ చదవడం మొదలుపెట్టాను.

అల్లం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. చాందినీ నీళ్ళు బడీమా మీద పడిన చోట నవ్వులు ఆగలేదు. "నేను కాదు కర్ర ఎత్తింది, నువ్వే" అని కోడళ్ళిద్దరూ మళ్ళీ కొట్లాటకు దిగారు. ముక్కు చీదడం గురించి రాసినచోట చదవకుండా దాటేశాను. చంద్రుణ్ణి చూసిన సాయంత్రం చదివాను. పెళ్ళినాటి ముక్క కూడా చదివాను. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఆపకుండా చివరి పేజీదాకా చదివి, పుస్తకం మూసి, తిట్టు కోసం ఎదురుచూశాను.

పరదా వెనక అడకత్తెర కింద పెట్టిన చప్పుడు. తర్వాత బడీమా గొంతు వినబడింది.

"బేటా, ఇంతసేపు చదివినవ్. ఒక్కసారి గూడ దగ్గలే."

నేను గమనించలేదు. పక్కన చూస్తే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆమె ముందే గమనించిందన్నమాట. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. షుక్రియా అన్న మాట ఆ ఇంటి ముందు మరీ చిన్నదిగా అనిపించి మానేశాను. అంతలో బడీమా లోపలి మగవాళ్ళను కేకేసి నిచ్చెన తెమ్మంది.

కూర్చున్నచోటు నుంచి ఏమీ కనబడలేదు. తాళ్ళు విప్పుతున్న చప్పుడు, బరువైన గుడ్డ జారి నేల మీద పడ్డ చప్పుడు, ఆ వెంటనే ఆడపిల్లలంతా ఒక్కసారిగా వేసిన కేకలు వినబడ్డాయి. వాళ్ళ ఆకాశం వాళ్ళకు తిరిగి ఇచ్చేంత ఆరోగ్యం నాకు వచ్చిందని అప్పుడు నమ్మాను.